సముద్రం ఎక్కడికీ పోదన్నారట మీవారు

ఈసారి ఉత్తరం ఆరు పేజీలు వచ్చింది. రాసినావిడ పేరూ ఊరూ వద్దన్నారు కాబట్టి అవి తీసేసి, విషయం వరకు కుదించి చెబుతున్నాను.

ఆవిడకు 42 ఏళ్లు. భర్త, 15 ఏళ్ల కూతురు, 8 ఏళ్ల కొడుకు. ఏడాదికోసారి మరిది కుటుంబంతో కలిసి ఏదో ఒక సముద్ర తీరానికి వెళ్తారు. ఆవిడకు చిన్నప్పటి నుంచీ పిట్టలన్నా పురుగులన్నా ఇష్టం, ఇంటి దగ్గర ఆ ఇష్టానికి తీరిక దొరకదు, కాబట్టి ఈ నాలుగైదు రోజుల కోసం ఏడాదంతా చూస్తారు. పోయినేడాది వెళ్లినప్పుడు మాత్రం అన్నీ అడ్డం తిరిగాయి. మొదటి రోజే అందరూ డాల్ఫిన్లు చూపించే పడవ ఎక్కారు. నడి సముద్రంలో నాలుగైదు పడవలు ఇంజన్లు హోరెత్తిస్తూ ఒక చిన్న గుంపు చుట్టూ తిరుగుతుంటే, ఈవిడ తట్టుకోలేక 'చాలు, వెనక్కి పోనీయండి' అన్నారట. పడవ నడిపే అతను నవ్వాడు, మరిది గారు 'వదిన మూడ్ చెడగొట్టేసింది' అన్నారు, భర్త ఆ మాటకు ఏమీ అనలేదు. రెండో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్కరే తీరం వెంట మూడు గంటలు నడిచారు, కాకులు తప్ప ఏమీ కనబడలేదు. తిరిగొచ్చేసరికి అందరూ 'ఏం చూశావు' అని అడిగితే చెప్పడానికి ఏమీ లేక సిగ్గుపడ్డారు. మూడో రోజు తెల్లవారుజామున చెప్పకుండా వెళ్లారు, ఫోన్ గదిలోనే ఉండిపోయింది. గంటన్నర తర్వాత భర్త ఎదురొచ్చి నలుగురిలో గట్టిగా కేకలేశారు. 'సముద్రం ఎక్కడికీ పోదు, ఈ వేళప్పుడు రావాలా' అన్నారట. ఆ సాయంత్రం బాబు సంచిలోంచి వాసన వస్తుంటే తీసి చూస్తే, సీసా నిండా గుల్లల్లో దాక్కునే పీతలు చచ్చి ఉన్నాయి. ఈవిడ వాణ్ని కొట్టారు. అత్తగారు మనవణ్ని దగ్గరకు తీసుకుని 'సరదాకి ఏరుకున్నాడు, దానికింత రాద్ధాంతమా' అన్నారు.

రెండు నెలల్లో మళ్లీ ఐదు రోజుల ప్రయాణం ఉంది. ఈవిడ అడుగుతున్నది ఇది. నేను అతి చేస్తున్నానా? వాళ్లతో వెళ్లి నోరు మూసుకుని కూర్చోవాలా, మానేయాలా, ఎప్పుడైనా ఒక్కదాన్నే వెళ్లి రావాలా? చివర్లో చిన్న అక్షరాలతో ఇంకో ప్రశ్న కూడా రాశారు. కేకలు తిన్న ఆ తెల్లవారుజామున ఇసుక మీద బఠాణీ గింజంత ఉండలు, చిన్న చిన్న కన్నాల చుట్టూ చక్రంలా, ఎవరో పేర్చినట్టు వేలకు వేలు కనబడ్డాయట. అవేమిటో ఎవర్నీ అడగలేకపోయానన్నారు. దాని సంగతి చివర్లో చెబుతాను.

మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ. మొదటిసారి చదివినప్పుడు మీ తరఫున కోపం వచ్చింది, రెండోసారి చదివినప్పుడు మీవారి మీద కొంచెం జాలి కూడా కలిగింది. మీరే ఒక చోట, పెద్దగా పట్టించుకోకుండా, 'ఆయన మోకాళ్ల దాకా తడిసి ఉన్నారు' అని రాశారు చూడండి, నాకు అక్కడ ఆగాలనిపించింది. చెప్పులతో తీరం వెంట నడుస్తూ వెతికిన మనిషి మోకాళ్ల దాకా ఎందుకు తడుస్తాడు? నీళ్లలోకి దిగి చూసి ఉంటారు. చీకట్లో, ఫోన్ లేకుండా, భార్య సముద్రం వైపు వెళ్లిందని తెలిస్తే ఎవరికైనా మొదట వచ్చే ఆలోచన అదే కదా. నలుగురిలో అరవడం తప్పే, కాదనను. కానీ అది మీ ఇష్టం మీద కోపం కాదు, భయం. మీరు ఆ కేకల్ని, పడవలో ఆయన ఏమీ మాట్లాడకపోవడాన్ని ఒకే ఖాతాలో వేశారు. నాకైతే అవి రెండు వేరువేరు విషయాలు. మొదటిదానికి మీరు ఆయనకు సారీ చెప్పాలి, రెండోదానికి ఆయన మీకు చెప్పాలి.

అతి చేస్తున్నారా అని అడిగారు. డాల్ఫిన్ల విషయంలో అసలు కాదు. మీకు కలిగిన ఇబ్బంది ఊరికే మెత్తని మనసు వల్ల వచ్చింది కాదు, దాని వెనక గట్టి కారణం ఉంది. స్పిన్నర్ డాల్ఫిన్ల లాంటివి రాత్రంతా లోతు నీళ్లలో వేటాడి పగలు తీరం దగ్గర లోతు తక్కువ నీళ్లలో విశ్రాంతి తీసుకుంటాయి. మనం సరదాగా పడవలు వేసుకుని వెళ్లేది సరిగ్గా వాటి నిద్ర వేళకే. పైగా డాల్ఫిన్ ఊపిరి తీసుకోవడానికి మాటిమాటికీ పైకి రావాల్సిందే, అందుకని నిద్రలో కూడా మెదడు సగమే పడుకుంటుంది, మిగతా సగం మెలకువగా ఉంటుంది. అలాంటి నిద్రను చుట్టుముట్టి చెడగొడితే రాత్రి వేటకు దానికి ఓపిక ఎక్కడిది? ఈ కారణంతోనే 2021లో అమెరికా ప్రభుత్వం హవాయి దీవుల దగ్గర స్పిన్నర్ డాల్ఫిన్లకు 50 గజాల కన్నా దగ్గరగా పడవల్లో గానీ ఈదుకుంటూ గానీ వెళ్లకూడదని నిబంధన పెట్టింది. అంటే మీరు ఆ రోజు అన్న 'చాలు' అనే మాటనే ఒక దేశం చట్టంలో రాసుకుంది. మీ మరిది గారికి ఇది చెప్పమని కాదు, మీరు తెలుసుకుని నిబ్బరంగా ఉంటారని.

అయితే ఒకటి. పడవలో, అందరూ డబ్బు కట్టి కూర్చున్నాక, నడి సముద్రంలో ఆ మాట అంటే వినేవాళ్లు ఎవరూ ఉండరు. నేనూ ఒకసారి అలాంటి పడవ ఎక్కాను, నా ముందు కూర్చున్న చిన్నపిల్ల చప్పట్లు కొడుతుంటే నేనూ కొట్టాను, నిజం చెబుతున్నాను, ఆ తర్వాత రెండు రోజులు నాకు నా మీదే చిరాకు. అక్కడ నోరు విప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు, మీరు విప్పారు, గొప్పే. కానీ ఈసారి మాట్లాడాల్సింది ఒడ్డు మీద, పడవ ఎక్కకముందు. గుంపుకు అడ్డంగా పోనివ్వను, వెంటాడను, దూరంగా ఇంజన్ ఆపి ఉంచుతాను, అవి వస్తే వస్తాయి లేకపోతే లేదు అని ఒప్పుకునే పడవ వాడు దొరికితే ఎక్కండి. దొరక్కపోతే మీరు ఒడ్డున ఉండిపోండి. ఉండిపోతే ఏమవుతుందో కూడా చెబుతాను, దాచడం దేనికి. వాళ్లు మీరు లేకుండా నవ్వుకుంటూ ఫోటోలు దిగి వస్తారు, ఆ ఫోటోల్లో మీరు ఉండరు, బాబు 'అమ్మా నువ్వు మిస్సయ్యావు' అంటాడు, ఆ పూట మీకు కొంచెం గుచ్చుకుంటుంది. అది మోయగలరా లేదా అన్నది మీరే తేల్చుకోవాలి. అందరినీ ఆపేయగలిగితే బాగుండును గానీ, ఐదు రోజుల ప్రయాణంలో అందరినీ ఆపే మనిషిగా మిగిలిపోతే మిగతా దేనికీ మీ మాట చెల్లదు.

ఇక ఆ రెండో రోజు మధ్యాహ్నం మూడు గంటల నడక. కాకులు తప్ప ఏమీ కనబడలేదని, 'నాకసలు చూసే కన్ను లేదేమో' అని రాశారు. మీ కన్నుకేమీ కాలేదండీ, గడియారం తప్పింది. సముద్రం ఎక్కడికీ పోదని మీవారు అన్నారు కదా, పోతుంది. చాలా తీరాల్లో రోజుకు రెండుసార్లు పోతుంది, రెండుసార్లు వస్తుంది. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు, అంటే ఆటు వేళ, తడి ఇసుక, రాళ్ల మధ్య మడుగులు బయటపడతాయి, తీరం మీద బతికే సగం ప్రాణులకు అదే భోజనాల వేళ. పోటు మీద ఉన్నప్పుడు మీరు ఎంత నడిచినా కనిపించేది మెత్తటి పొడి ఇసుక, దాని మీద మనుషులు. ఎండ మండేటప్పుడు పీతలు కన్నాల్లో అడుగున చల్లగా కూర్చుంటాయి, కొన్ని రకాల కన్నాలు మీటరు లోతు దాకా ఉంటాయి. పిట్టలు నీళ్లు తగ్గేదాకా ఎక్కడో గుంపుగా ఒంటికాలి మీద నిలబడి కునుకు తీస్తుంటాయి. మీరు వెళ్లింది వాళ్ల అర్ధరాత్రికి, తలుపులన్నీ వేసుంటే మీ తప్పా?

కాబట్టి బయలుదేరే ముందు ఆ తీరానికి, ఆ తేదీలకి ఆటుపోట్ల పట్టిక చూసుకోండి, ఫోన్‌లోనే దొరుకుతుంది. నీళ్లు పూర్తిగా తగ్గే సమయానికి ఒకటిన్నర, రెండు గంటల ముందు వెళ్లి, తగ్గుతున్న నీళ్ల వెంబడే కిందికి దిగుతూ, మళ్లీ ఎక్కడం మొదలుపెట్టగానే వెనక్కి వచ్చేయండి. ఈ సమయం ప్రతి రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. మొదటి రోజు పొద్దున్న 6 గంటలకు ఆటు ఉంటే ఐదో రోజుకి అది 9 దాటిపోతుంది, అప్పటికి బీచ్ మీద క్రికెట్ మొదలవుతుంది. అంటే మీ మంచి పొద్దుళ్లన్నీ ప్రయాణం మొదట్లోనే ఉండొచ్చు, 'మొదటి రెండు రోజులు అలసట తీర్చుకుని తర్వాత చూద్దాంలే' అనుకుంటే చేజారతాయి. తేదీలు మార్చుకునే వీలుంటే అమావాస్యకు దగ్గరగా పెట్టుకోండి. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడు, చంద్రుడు ఒకే వరసలో లాగుతారు కాబట్టి నీళ్లు మామూలు కంటే బాగా కిందికి పోతాయి, బాగా పైకి వస్తాయి. కానీ అన్ని తీరాలూ ఒకలా ఉండవు. కెనడాలోని ఫండీ అఖాతంలో ఈ తేడా 16 మీటర్ల దాకా ఉంటుంది, మధ్యధరా సముద్రంలో చాలాచోట్ల అడుగు కూడా ఉండదు. మీరు వెళ్లే చోట ఎంతో పట్టికే చెబుతుంది.

ఇంకొకటి, మీవారికి మళ్లీ గుండె ఆగకూడదు కాబట్టి చెబుతున్నాను. నీళ్లు ఒకే వేగంతో ఎక్కవు. ఆరు గంటల పోటులో మొదటి గంటలో పన్నెండో వంతే వస్తుంది, 'ఇంకా టైముంది' అనిపిస్తుంది, మూడో నాలుగో గంటల్లో మాత్రం మొత్తం నీటిలో సగం వచ్చి పడుతుంది. రాళ్ల మీదో ఇసుక దిబ్బ మీదో వెనక్కి దారి లేకుండా ఇరుక్కునేవాళ్లందరూ ఈ లెక్క తప్పినవాళ్లే. రాళ్ల వైపు ఒంటరిగా వెళ్లకండి, సముద్రానికి వీపు పెట్టి మడుగులోకి వంగకండి. శంకు ఆకారంలో, మీద అందమైన గీతలున్న గవ్వ ఏదైనా సరే, ప్రాణంతో ఉందేమో తెలియకుండా చేత్తో తీయొద్దు, కోన్ నత్తలు విషపు ముల్లుతో పొడుస్తాయి, కొన్ని రకాల విషానికి మనుషులు చనిపోయారు కూడా. ఒడ్డుకు కొట్టుకొచ్చిన జెల్లీఫిష్ చచ్చిపోయినట్టే ఉన్నా దాని కుట్టే కణాలు పనిచేస్తూనే ఉంటాయి. బాబుకు ఇవి రెండూ ముందే చెప్పి తీసుకెళ్లండి.

చూడటం గురించి ఒక్క మాట, మీకు నచ్చకపోవచ్చు. మీరు నడవడం తగ్గించండి. మూడు గంటలు నడిచిన మనిషికి కనబడని వాటిలో చాలా వరకు పావుగంట కదలకుండా కూర్చున్న మనిషి దగ్గరికి వస్తాయి. అల వచ్చి వెనక్కి వెళ్లే ఆ చోట పది అడుగుల దూరంలో కూర్చోండి. అల వెనక్కి పోగానే దాని వెంట పరిగెత్తి, తిరిగొచ్చేసరికి కాళ్లు తడవకుండా వెనక్కి ఉరికే చిన్న ఉల్లంకి పిట్టలు ఉంటాయి, చూస్తుంటే పిల్లలు ఆడుకుంటున్నట్టే ఉంటుంది గానీ అది వాటికి తిండి పని. ఇసుకలోంచి చిన్న ఆల్చిప్పలు కొన్ని పైకి తేలి, అలను ఎక్కి ఇంకో చోటుకు జరిగి, క్షణంలో మళ్లీ ఇసుకలోకి దిగిపోతాయి. బైనాక్యులర్ కొనాలా అని కూడా అడిగారు, 8 రెట్ల పెద్దది చేసి చూపేది తీసుకోండి, 10 రెట్లది కొంటే చేతి వణుకు కూడా పెద్దదై కనబడుతుంది, ఇది నా సొంత అనుభవం. తీరం తూర్పు ముఖంగా ఉంటే పొద్దున్న సముద్రం వైపు చూస్తే సూర్యుడు కళ్లల్లో కొట్టి పిట్టలన్నీ నల్లటి బొమ్మలే, పక్కకు తిరిగి తీరం వెంబడి చూడండి. పడమటి తీరమైతే పొద్దున్న వెలుగు మీ వీపు వెనక ఉంటుంది, హాయి. గుంపుగా నిలబడ్డ పిట్టల మీదికి బాబు పరిగెత్తి అన్నిటినీ ఒక్కసారి లేపుతాడు చూడండి, అందరూ వీడియో తీసే దృశ్యం అది, అది మాత్రం ఆపండి. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చినవి కొన్ని అక్కడ ఒళ్లు పెంచుకుంటుంటాయి, లేచిన ప్రతిసారీ తిన్నదంతా ఖర్చు.

ఆ వేల కిలోమీటర్ల మాట వచ్చింది కాబట్టి. మీవారు ఆగకుండా పదకొండు గంటలు కారు నడిపి తీసుకెళ్లారని, దారంతా ఆ సంగతే చెప్పారని రాశారు. 2022 అక్టోబరులో బార్ టెయిల్డ్ గాడ్విట్ అనే తీరపు పిట్ట ఒకటి అలాస్కాలో లేచి 11 రోజుల పాటు ఎక్కడా దిగకుండా, తినకుండా, 13,560 కిలోమీటర్లు ఎగిరి టాస్మానియాలో దిగింది. దాని వయసు అప్పటికి ఐదు నెలలు. వీపు మీద ఉపగ్రహానికి అందే చిన్న పరికరం ఉంది కాబట్టి లెక్క తెలిసింది. మీవారికి ఇది చెప్పి చూడండి. పిట్టల అందం గురించి చెబితే విననివాళ్లు కొందరు డ్రైవింగ్ రికార్డంటే చెవి ఒగ్గుతారు.

నవ్వులాటకు అనలేదు. మీ ఉత్తరంలో సముద్రం గురించి ఉన్నది అర పేజీ, మిగతా ఐదున్నర పేజీలూ ఎవరు ఏమన్నారో. మీకు కావాల్సింది పిట్టలు ఒక్కటే అయితే వాళ్లేమన్నా మీకు ఇంత గుర్తుండేది కాదు. మీకిష్టమైనది వాళ్లకు కూడా ఇష్టం కావాలని, కనీసం మీ ఇష్టాన్ని వాళ్లు గుర్తించాలని మీ లోపల ఉంది. అది తప్పు కోరిక కాదు. కాకపోతే పది మందికి ఒకేసారి చూపించి, పది మంది చేతా 'అబ్బ' అనిపించుకోవాలనుకుంటే తీరదు. ఒక్కొక్కరిని వేరుగా, వాళ్లకు పట్టే గుమ్మంలోంచి రానివ్వాలి. మీ అమ్మాయికి పిట్టలు పట్టవు, రాత్రుళ్లు నిద్రపోకుండా ఫోన్ చూస్తుందని మీరే అన్నారు, మంచిదే. చంద్రుడు లేని రాత్రి, పెద్దవాళ్లు తోడుండి, దీపాలు లేని చోటికి తీసుకెళ్లండి, ఫోన్లు లోపల పెట్టించండి, కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది. అదృష్టం బాగుంటే అల విరిగే చోట నీలంగా వెలుగు మెరుస్తుంది. నీళ్లు కదిలినప్పుడు మెరిసే సూక్ష్మజీవుల పని అది, తడి ఇసుక మీద అడుగేసినా మెరుస్తాయి. ప్రతి తీరంలో, ప్రతి రాత్రి ఉండదు, కాబట్టి ముందుగా వాగ్దానం చేయకండి, 'ఊరికే నడుద్దాం రా' అని మాత్రం అనండి. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమైతే అసలే టార్చి, ఫ్లాష్ వద్దు. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుతురు ఎక్కువగా ఉన్న వైపే సముద్రమనుకుని నడుస్తాయి, మన దీపాలు చూసి రోడ్డెక్కి చచ్చిపోతాయి.

బాబు సంగతి నాకు అన్నిటికన్నా ముఖ్యం. మీరు వాణ్ని కొట్టారు, వాడికి ఎందుకో చెప్పలేదు. ఎనిమిదేళ్లవాడు పీతలు ఏరాడంటే మీ ఇష్టం ఇంట్లో ఒకరికి అప్పుడే వచ్చేసిందన్నమాట, మీకు అది కనబడలేదు, కోపంలో ఉన్నారు. వాడికి ఇప్పుడు చెప్పండి, ఇంట్లో కూర్చున్నప్పుడే. ఆ హెర్మిట్ క్రాబ్‌కి వెనక సగం ఒళ్లు మెత్తగా ఉంటుంది, అందుకని చచ్చిపోయిన నత్త గుల్లలో దూరి దాన్ని మోసుకు తిరుగుతుంది. మొప్పలు తడిగా ఉంటేనే ఊపిరి ఆడుతుంది, మూత పెట్టిన సీసాలో చచ్చిపోతుంది. పెరిగిన కొద్దీ పాత గుల్ల ఇరుకై పెద్దది వెతుక్కుంటుంది, ఖాళీ గుల్ల ఒకటి దొరికితే ఒక్కోసారి నాలుగైదు పీతలు పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా నిలబడి, పెద్దది కొత్త ఇంట్లోకి మారగానే దాని పాత ఇంట్లోకి తర్వాతది, దాని ఇంట్లోకి ఆ వెనకది, ఇలా మారిపోతాయి. మనం షోకేసు కోసం ఏరుకొచ్చే ఖాళీ గవ్వలు వాటికి ఇళ్లు అని వాడికి అర్థమైతే, వాడు సంచి ఖాళీ చేయడమే కాదు, మీ తోటికోడలి సంచి కూడా ఖాళీ చేయిస్తాడు, కొంచెం జాగ్రత్త.

ఇక మీరు అడిగిన మూడు దారులు. మానేస్తే, రెండు నెలల గొడవ తప్పుతుంది, కానీ వచ్చే ఏడాది మిమ్మల్ని అడగకుండానే ప్లాన్ వేసేస్తారు, 'తనకు ఇష్టం ఉండదులే' అన్నది మీ పేరు పక్కన ఉండిపోతుంది. నాకు ఈ దారి నచ్చలేదు, మీ ఓపిక నిజంగా అయిపోయి ఉంటే తప్ప. ఒక్కరే వేరుగా వెళ్లి రావడం మంచిదే, మీలాంటి ఇష్టం ఉన్న స్నేహితురాలు ఉంటే ఇంకా మంచిది, నాలుగు రోజులు ఎవరి మొహం చూడకుండా, ఎవరికీ లెక్క చెప్పకుండా కూర్చోవచ్చు. కానీ ఈ కుటుంబ ప్రయాణం మానేసి దాని బదులు అది పెట్టుకుంటే ఇంట్లో అది అలకగానే లెక్క అవుతుంది, అక్కడ కూర్చున్నా మీ మనసు ఫోన్ మీదే ఉంటుంది. ఇది అయ్యాక, చలికాలంలో, వలస పిట్టలు వచ్చే రోజుల్లో విడిగా వెళ్తానని ఇప్పుడే మామూలు గొంతుతో చెప్పి ఉంచండి.

వాళ్లతో వెళ్లడమే అయితే నోరు మూసుకుని కూర్చోనక్కర్లేదు. పట్టిక చూసుకుని, బయలుదేరకముందే మీవారితో, మరిది గారి ముందు కాదు, ఒంటరిగా, 'ఈ మూడు పొద్దుళ్లు, ఈ టైము నుంచి ఈ టైము దాకా నావి, ఇదిగో ఇక్కడి నుంచి ఇక్కడి దాకా ఉంటాను, ఫోన్ దగ్గరుంటుంది, ఎనిమిదిన్నరకు మీ అందరితో ఉంటాను' అని చెప్పండి. చెప్పేటప్పుడు పోయినసారి చెప్పకుండా వెళ్లింది తప్పని ముందు ఒప్పేసుకోండి. దీనికి ఖర్చు ఉంది. పొద్దున్న మూడు రోజులు లేస్తే సాయంత్రానికి మీకు కళ్లు మూతలు పడతాయి, రాత్రి అందరూ పేకాట ఆడుతుంటే మీరు పడుకుంటారు, దానికీ ఒక మాట పడొచ్చు. మిగతా సమయం వాళ్లు చెప్పినట్టు, మొహం మాడ్చుకోకుండా ఉండాలి, అలల్లో తడవమంటే తడవాలి. ఇంకో చిక్కు, ఆయన కాదంటే? కాదంటే కారణం అడగండి. భద్రత అంటే అర్థం చేసుకుని వెలుతురు వచ్చాకే బయలుదేరండి. 'వాళ్లేమనుకుంటారు' అంటే మాత్రం అది సముద్రం సమస్య కాదు, అప్పుడు ఇంకో ఉత్తరం రాయండి, దానికి వేరేగా మాట్లాడుకుందాం.

అందరినీ కలిపి మీరే ఒక పూట తీసుకెళ్లి చూపించాలన్న ఆలోచన కూడా రాశారు, దానికి నేను భయపడుతున్నాను. ఏమీ కనబడకపోతే పది మంది మిమ్మల్నే చూస్తుంటారు, మీకు టెన్షన్. ఒక్క బాబును తీసుకెళ్లండి, రెండో పొద్దున. మొదటిది మాత్రం ఎవరికీ ఇవ్వకండి, మీరొక్కరే ఉంచుకోండి.

ఆ ఉండల సంగతి. అవి ఎవరో పేర్చినవి కాదు, గోరంత పీతలు చేసినవి. నీళ్లు తగ్గగానే కన్నంలోంచి బయటికి వచ్చి, ఇసుకను చిటికెడు చిటికెడు నోట్లో పెట్టుకుని, రేణువులకు అంటుకుని ఉన్న సూక్ష్మమైన తిండిని నాకేసుకుని, మిగిలిన ఇసుకను ఉండ చేసి పక్కన పెడతాయి. ఒకసారి తిన్న ఇసుకను మళ్లీ నోట్లో పెట్టుకోకుండా ఉండటానికి అది ఆనవాలు కూడా. కన్నం నుంచి గీత గీసినట్టు బయటికి తింటూ వెళ్లి, మళ్లీ కన్నం దగ్గరికి వచ్చి పక్క గీత మొదలుపెడతాయి, అందుకే మీకు చక్రంలా కనిపించింది. మీ అడుగుల అదురుకు అన్నీ లోపలికి పోయి ఉంటాయి, ఉండలు మాత్రం మిగిలాయి. బాబును అక్కడ కూర్చోబెట్టి, కదలకుండా ఐదు నిమిషాలు ఉండమనండి. ముందు ఒక కన్నంలోంచి రెండు కళ్లు పైకి వస్తాయి.